ఎనక సీటు కింద

విమానానికి ఇంజను ఉంటదని చిన్నపిల్లలకు గూడ తెలుసు. మేము ఎగిరేసిన దానికి ఇంజను లేకుండె. దానికి ఇంజను నేనే. నవ్వకున్రి, ఉన్న మాటే చెప్తున్న.

గ్లైడర్ అంటే పొడుగు రెక్కల తేలిక బండి. ఇద్దరు కూసుంటరు, ఒకరి ఎనక ఒకరు. ముందట నేర్చుకునేటోళ్లు, ఎనక నేర్పేటాయన. మైదానం ఒక కొసకు అది నిలవడితే, ఇంకో కొసకు నేను వించి మీద కూసుంటుండె. వించి అంటే ఏం లేదు, లారీ ఇంజనుకు బిగించిన పెద్ద చక్రం. నడుమ పొడుగు తాడు. నేను తొక్కితే తాడు చుట్టుకుంటది, గ్లైడర్ పతంగి లెక్క లేస్తది. పైకి ఎక్కినంక తాడు ఇడిశిపెట్టి, గద్దలు తిరిగే కాడ వేడిగాలి మీద తేలుకుంట పోతది. మా బాపు ఇబ్రహీంపట్నం చెరువుల వల గుంజి మమ్మల్ని సాదిండు. నేను తాడు గుంజి మందిని మొగులు మీదికి పంపిన. "మీ ఇంట్ల మొగోళ్లకు గుంజుడు తప్ప ఇంకో పని రాదా" అని మా ఇంటామె నవ్వేది.

ఆ మైదానంల ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు పాతిన్రు. నేను కొలువు దిగి ఇంటికాడ కూసున్న. మొన్న ఆదిభట్లల విమానం సామాన్లు బిగించే పిల్లలు కొందరు ఛాయ్ కాడ కలిసి, "తాతా, ఆ గ్లైడర్ ఎందుకు పడ్డది? ఫోన్ ఇరికిందంటరు, నిజమేనా?" అని అడిగిన్రు. కాదు బిడ్డా అన్న. కాదంటే సరిపోదు గద, మరి ఏమైందో చెప్పాలె. అందుకే ఇది. పేర్లు మాత్రం చెప్పను. పోయినాయనను మేము ఎన్నడు పేరు పెట్టి పిలువలె, సార్ అనే పిలిచినం.

సార్ విమానాల ఫౌజుల కొలువు చేసి దిగినాయన. దిగినంక గ్లైడర్లు నేర్పుతందుకు మా మైదానానికి వచ్చిండు. తుర్కయాంజాల్‌ల ఇల్లు, ఇంట్ల ఆయన, ఆయన ఇంటామె ఇద్దరే, ఆమెను నేను అక్క అంట. బక్కపలుచని మనిషే గని గొంతు మాత్రం మైదానం ఆ కొసకెల్లి ఈ కొసకు వినవడేది. నన్ను తమ్మీ అంటుండె. ఆయనకు ఒక పిచ్చి ఉండె. గ్లైడర్ ఎక్కెటోడు ఎంతటోడైనా సరే, ముందట నిలవెట్టి, "జేబులల్ల ఏమున్నయ్?" అని అడిగేటోడు. నీలం టబ్బు ఒకటి పెట్టిండు. తాళంచేతులు, పెన్నులు, దువ్వెనలు, ఫోన్లు అన్ని అండ్లనే వెయ్యాలె. ఒక పెద్దమనిషి పాన్ డబ్బ ఇయ్యనని మొండికేస్తే, "డబ్బ నీదే అన్నా, పాణాలు మాత్రం ఇద్దరివి" అని దించేసిండు. ఆయన మళ్ల రాలె. సార్ ఫికర్ చేయలె.

ఎందుకింత పట్టుదల అని ఒకసారి నేనే అడిగిన. నన్ను తీస్కపోయి ఎనక సీటు లేపి చూపిచ్చిండు. ఇద్దరి కాళ్ల నడుమ ఒక్కొక్క స్టిక్ ఉంటది. గుంజితే ముక్కు లేస్తది, ముందుకు నూకితే ముక్కు దిగుతది. రెండు స్టిక్కులు కింద ఒక్క కడ్డీకే కలుస్తయ్. ఆ కడ్డీ సీటు కిందకెల్లి తోక దాక పోతది.

"ఇంట్ల వస్తువు కింద పడితే కిందనే ఉంటది తమ్మీ. గాల్ల గట్ల కాదు. ముక్కు లేస్తే ఎనకకు జారుతది, దించితే ముందటికి ఉరుకుతది, కుదుపు వస్తే నెత్తికి తాకుతది. పోయి పోయి ఈ సందుల పడ్డదనుకో, ఇగ స్టిక్ కదలదు. కదలకపోతే నేనైనా, నువ్వైనా, మొదటి దినం వచ్చినోడైనా ఒక్కటే."

మా మెకానిక్‌కు, సార్‌కు దీని మీదనే ఎప్పుడు లొల్లి. ఒకపాలి మెకానిక్ స్క్రూడ్రైవర్ కనవడలె. "యాడ్నో పడ్డది, దొరుకుతది తియ్యి సార్" అన్నడు మెకానిక్. సార్ ఆ పొద్దు ఎవ్వరిని ఎగరనియ్యలె. సీట్లు ఊడవీకిచ్చి, అందరితోని గడ్డి సుత దేవులాడిచ్చిండు. ఆఖరికి మెకానిక్ స్కూటర్ డిక్కీల దొరికింది. వాని మొఖం మాడిపోయింది. సార్ తిట్టలె. వానికి ఛాయ్ తాపిచ్చి, "స్కూటర్ల దొరికింది, మన అదృష్టం" అన్నడు. గంతే.

ఆ ఎండకాలం సార్‌కు కిడ్నీల రాయి అయింది. నొప్పి లేస్తే నడుం పట్టుకొని రెండుగా వంగిపోతుండె. డాక్టరు నీళ్లు బాగ తాగుమన్నడట. అక్క పొద్దుగాల్నే స్టీల్ సీసాల నీళ్లు నింపి చేతికిచ్చి పంపేది. తాగకుంట సాయంత్రం నిండు సీసా వాపస్ పట్కపోతే ఇంట్ల తిట్లేనని నవ్వుకుంట చెప్పేటోడు. ఆ సీసా ఎప్పుడు రేకుల షెడ్డు నీడకు కుర్చీ మీదనే ఉండేది. గ్లైడర్ దగ్గరికి గూడ తేకపోయేటోడు.

ఇగ ఆ దినం. ఆదివారం. ఎండ దంచుతున్నది, గుట్టల మీదికెల్లి గాలి మంచిగ లేస్తున్నది. నేర్చుకునేటోళ్లు మస్తుమంది వచ్చిన్రు. ఒకరు దిగంగనే ఒకరు ఎక్కుతున్నరు. సార్ ఎనక సీట్లకెల్లి దిగలే లేదు. నేను ఆ కొసకు వించి మీద ఉన్న గనక గ్లైడర్ కాడ ఏం జరిగిందో అప్పుడు నాకు తెల్వదు, తర్వాత తెలిసింది.

ఒక పిల్ల వంతు వచ్చింది. మహేశ్వరం దిక్కు కాపోళ్ల పిల్ల. ఆదిభట్లల విమానం రెక్కల పని చేసేది. రెక్కలు బిగించుడేనా, ఎగురొద్దా అనుకొని సెలవు దినం మా కాడికి రావట్టింది. చెయ్యి మెత్తన. "ఈ పిల్ల స్టిక్‌ను పాలముంత పట్టుకున్నట్టు పట్టుకుంటది తమ్మీ" అని సార్ మురిసేటోడు. ఒకరిద్దరిని తప్ప ఆయన ఎవ్వరిని అంతగనం మెచ్చుకోలె.

నా పక్కకున్న వైర్‌లెస్ సెట్టుల "రెడీ" అని వినవడ్డది. నేను తొక్కిన. గ్లైడర్ ఉరికింది, లేచింది, ముక్కు నిటారుగ పెట్టి ఎక్కుతున్నది. ఎప్పటి తీరుగనే ఉన్నది. సగం ఎక్కినంక ముక్కు జర తగ్గాలె. తగ్గలె. ఇంకింత నిలువుగ అయింది. తాడు ఎంత బరువు గుంజుతున్నదో నా అరికాలుకు తెలుస్తది, అది మారింది. అప్పుడు సెట్టుల సార్ గొంతు.

"తమ్మీ, మెల్లగ తగ్గియ్యి. ఒక్కసారే ఇడువకు. స్టిక్ ముందుకు పోతలేదు."

అరుపు లేదు, ఆగం లేదు. ఛాయ్‌ల చక్కెర తక్కువైందన్నట్టు చెప్పిండు. నేను ఇడిశీ ఇడువనట్టు కాలు లేపిన. ఒక్కసారి ఇడిస్తే ముక్కు అట్లనే నిలువుగ ఉండి కూలుతదని ఇద్దరికి ఎరికే. మెల్లగ, మెల్లగ ఇడిసిన. తాడు ఊడింది. ముక్కు జర వంగింది. బతికినం అనుకున్న.

కని స్టిక్ ఎనకకే ఉన్నది గద. ముక్కు లేస్తది, ఆగుతది, ఒరుగుతది, దిగుతది, వేగం అందుకొని మళ్ల లేస్తది. గాలివాన దినం చెరువుల తెప్ప ఎట్లుంటదో గట్ల. లేచినప్పుడల్లా ఎత్తు తగ్గుతున్నది. పారాచూట్ తోని దుంకుదమంటే అంత ఎత్తు లేదు. పక్కలకు మాత్రం తిరుగుతున్నట్టున్నది, ఇండ్ల దిక్కు పోకుంట దున్నిన చెల్క దిక్కు తిప్పిండు. మళ్ల సెట్టుల సార్ గొంతు వచ్చింది. నాతోని కాదు ఆ మాట, ముందట కూసున్న పిల్ల వినాలెనని.

"పాప మంచిగున్నది. భయపడ్తలేదు. మంచిగ నేర్చుకున్నది."

ఇగ సెట్టు మాట్లాడలె.

నేను జీపు తీసి ఉరికిచ్చిన. చెల్క గట్టుకు తోక తాకి, అటెన్క మొత్తం బండి దభీమని కింద పడ్డది. నేను పొయ్యేసరికి దుమ్ము ఇంకా లేస్తనే ఉన్నది. పిల్ల మూలుగుతున్నది. కాలు విరిగింది, సోయి ఉన్నది. బెల్ట్ ఆమెను సీటుకు కట్టేసినట్టు పట్టుకున్నది. సార్ ముందటికి పడి ఉన్నడు. పిలిచిన. మళ్ల పిలిచిన. పలుకలె. ఆయన బెల్ట్ ఊడి ఉన్నది. కుడి చెయ్యి సీటు పక్కకెల్లి కిందికి జొరవడి ఉన్నది, వేళ్ల తోలు లేచిపోయింది. ఆ చేతిని బయటికి తీసినోన్ని నేనే. దాని గురించి ఇంక రాయలేను.

దవాఖానకు తీస్కపోయెటోళ్లకు ముందట సీటు కాడ ఫోన్ దొరికింది. ఆ పిల్లదే. అన్ని టబ్బుల వేసి ఫోన్ ఒక్కటి పాంటు జేబుల దాసుకున్నది, పైకెల్లి ఊరు తీసి వాళ్ల బాపుకు చూపిద్దమని. ఇంకేంది, సాయంత్రానికల్లా ఊరంతా ఒక్కటే మాట. పిల్ల ఫోన్ జారి ఇరికింది, సార్ పాణం తీసింది. ఇంకో మాట గూడ నడిచింది. అందరికి నీతులు చెప్పినాయన తనే బెల్ట్ పెట్టుకోలేదంట. నాకు ఒళ్లు మండింది. కని బెల్ట్ ఊడి ఉన్నది నా కండ్లతోని చూస్తి, ఏమని కొట్లాడుదు?

విచారణకు వచ్చినోళ్లు ఎనక సీటు ఇప్పినప్పుడు నేను, మెకానిక్ పక్కనే ఉన్నం. సీటు కింద, కడ్డీకి చట్రానికి నడుమ, స్టీల్ సీసా. నడుం కాడ సొట్టపోయి, అచ్చం అక్కడి కోసమే చేసినట్టు కూసున్నది. చేత్తోని గుంజితే రాలె, చట్రం కోసి తీసిన్రు. మెకానిక్ అక్కడికక్కడనే కూలవడ్డడు.

"నేనే అందిచ్చిన అన్నా. నొప్పి లేస్తున్నది, జర సీసా అందుకో అన్నడు. తాగిండు. వాపస్ తీసుకుందమంటే అప్పుడే రెక్క వాలకుంట పట్టుమని పిలిచిన్రు. సార్ తొడ పక్కకు పెట్టుకున్నడు. ఆ పిల్లనైతే జేబులల్ల ఏమున్నయ్ అని అడిగిండన్నా. తన పక్కకున్నది మర్చిపోయిండు."

అసలు సంగతి అది. జీవితమంతా మంది జేబులు చూసినాయన, నొప్పిల ఒక్క గడియ మర్చిపోయిండు. ఈ పనిల ఒక్క గడియ చాలు.

రిపోర్టు వచ్చే దాక ఎవ్వరు నోరు తెరువొద్దని మా పైనోళ్లు చెప్పిన్రు. మెకానిక్ గూడ చేతులు పట్టుకున్నడు. "సార్ ఇజ్జత్ పోతదన్నా. పోయినాయన మీద మచ్చ ఎందుకు? ఫోన్ అనుకోనియ్యి. ఆ పిల్ల బతికింది గద." నేను అవ్ అనలె, కాదు అనలె. నాకు గూడ సార్ పేరు చెడుడు ఇష్టం లేకుండె. రిపోర్టు వస్తది, అండ్లనే అందరు చూస్తరు అని నన్ను నేను ఊకుంచుకున్న.

ఒకనాడు పిల్ల వాళ్ల నాయిన మా ఇంటికి వచ్చిండు. ఎండకు మాడిన మొఖం, చేతుల తువ్వాల. గడప లోపటికి రాలె.

"అన్నా, నువ్వే తాడు గుంజినవంట గద. మా బిడ్డ అన్నం ముడ్తలేదు. కాలు అతుకుతది అంటున్నరు డాక్టర్లు, అది మాత్రం గోడ దిక్కు తిరిగి పండుకుంటున్నది. సార్‌ను నేనే సంపిన బాపు అంటది. ఏం చెప్పాలె అన్నా నేను? నిజంగ మా బిడ్డ ఫోన్ తోనేనా? నిజమైతే నిజమే చెప్పు. ఆ సార్ ఇంటికి పోయి కాళ్ల మీద పడ్త."

నిలువెత్తు మనిషి, నా ముందట తల వంచుకొని నిలవడ్డడు. రేపు వస్త అని మాత్రం చెప్పి పంపిన. ఆ పిల్లకు చెప్పాలెనని అప్పుడే ఖాయం చేసుకున్న. కని ఆమెకంటె ముందుగాల చెప్పాల్సిన మనిషి ఇంకొకరు ఉన్నరు. సీసా నింపిచ్చినామె.

తెల్లారి తుర్కయాంజాల్ పోయిన. దినాలు అయిపోయి చుట్టాలు ఎల్లిపోయిన్రు. అక్క ఒక్కతే పొయ్యి కాడ ఉన్నది. నన్ను చూసి కుర్చీ వేసింది. నీళ్లు ఇచ్చింది. నేను గ్లాసు పట్టుకొని కూసున్న. ఆమెనే అడిగింది.

"తమ్మీ, ఆయన సామాన్లు తెచ్చిచ్చిన్రు. గడియారం ఇచ్చిన్రు, అద్దాలు ఇచ్చిన్రు, షెడ్డుల ఉన్న సంచి ఇచ్చిన్రు. సీసా ఇయ్యలె. షెడ్డుల ఉన్నదా?"

"లేదక్క."

"మరి?"

చెప్పిన. మెకానిక్ ఏమన్నడో, సీటు కింద ఏం చూసిన్నో, అంతా చెప్పిన. ఆమె ఏడుస్తదనుకున్న. ఏడువలె. లోపట కూర అడుగంటిన వాసన వస్తున్నది. లేచి పోయి పొయ్యి ఆర్పింది. శానసేపు బయటికి రాలె. వచ్చినంక చీర మార్చుకొని ఉన్నది.

"ఆ పిల్ల ఏ దవాఖానల ఉన్నది? నడువు."

"నేను పోయి చెప్పొస్త అక్క. నువ్వెందుకు..."

"నువ్వు చెప్తే దయ తలిచి చెప్తున్నవ్ అనుకుంటది. నేను చెప్తే నమ్ముతది."

ఎల్.బి.నగర్ దిక్కు దవాఖాన. పిల్ల వార్డు కొసకు పండుకున్నది. కాలుకు పెద్ద కట్టు. అక్కను చూసి గుర్తుపట్టలె. నేను చెప్పంగనే లేవబోయింది, లేవరాదాయె, చేతులు జోడిచ్చి వెక్కుకుంట, "ఆంటీ, ఫోన్... నేను ఫోన్..." అనవట్టింది. వాళ్ల నాయిన మంచం కాళ్ల కాడ నిలవడి తువ్వాల నోట్ల కుక్కుకున్నడు.

అక్క మంచం మీద కూసున్నది.

"ఇను బిడ్డా. ఫోన్ తీస్కపోవుడు తప్పే. సార్ ఉంటే నిన్ను నాలుగు మాటలు అంటుండె. కని స్టిక్ కు అడ్డం పడ్డది నీ ఫోన్ కాదు. మా ఇంటి నీళ్ల సీసా. పొద్దుగాల నేనే నింపిచ్చిన. ఈ తమ్మి కండ్లతోని చూసిండు."

పిల్ల నా దిక్కు చూసింది. "అవ్ బిడ్డా, చూసిన. ఎనక సీటు కిందనే ఉండె. నీ ఫోన్ ముందట్నే దొరికింది, ఎనకకు పోలే లేదు" అన్న.

పిల్ల కండ్లు తుడుచుకున్నది. తర్వాత మెల్లగ అడిగింది, "గందుకేనా ఆంటీ, సార్ బెల్ట్ ఇప్పింది?"

అక్క తల లేపింది. "ఏమన్నవ్?"

"నీ బెల్ట్ గట్టిగ గుంజుకో బిడ్డా, ఇంకా గట్టిగ అన్నడు. గుంజుకున్న. అటెన్క ఎనక టక్కుమని చప్పుడైంది. సార్, మీరెందుకు ఇప్పిన్రు అని అడిగిన. కిందికి చెయ్యి అందుతలేదు, నువ్వు ముందటికే చూడు అన్నడు. కింద పడే దాక ఎనక గీకుతున్న చప్పుడు వస్తనే ఉండె ఆంటీ."

అప్పుడు ఏడ్చింది అక్క. ఇంట్ల ఏడువలె, దినాలల్ల ఏడ్చిందో లేదో నాకు తెల్వదు. అక్కడ ఏడ్చింది. "బెల్ట్ పెట్టుకోలేదంటిరి గద... అందరు బెల్ట్ పెట్టుకోలేదనే అంటిరి గద..." అనుకుంట ఆ పిల్ల చెయ్యి ఇడువలె. ఆ పిల్ల గూడ ఏడ్చింది. నేను, వాళ్ల నాయిన వరండాలకు పోయి నిలవడ్డం. బెల్ట్ ఎందుకు ఊడిందో, ఆ వేళ్లు ఎందుకు అట్లున్నయో నాకు గూడ అప్పుడే సమజైంది. ఆయనకు చివరికి యాదికి వచ్చింది, కింద పడ్డది ఏందో. దాన్ని తీద్దమనే తన బెల్ట్ ఇప్పుకున్నడు.

మెకానిక్ ఆ నెలల్నే పని ఇడిశిపెట్టి ఊరికి పోయిండు. పిల్లకు కాలు అతికింది, నడకల జర తేడా మిగిలింది. మళ్ల ఎగురలె. ఆదిభట్లల పని మాత్రం ఇడువలె. రెక్కలు మూసేముందు లోపట ఏమన్నా మరిచినమా అని చూసే పనిల వేసిన్రంట, ఆమె చూస్తే ఇంకొకరు చూడాల్సిన అవసరం ఉండదంటరు. రిపోర్టు శాన ఆలస్యంగ వచ్చింది. అండ్ల సార్ లేడు, అక్క లేదు, నొప్పి లేదు. బిగించని వస్తువు స్టిక్‌కు అడ్డం పడ్డదని ఉన్నది. నిజమే. తప్పు లేదు.

మీరు ఇప్పుడు విమానాల పనిలకు పోతున్నరు గనక చెప్తున్న. అజాగ్రత్త మనిషితోని ప్రమాదం వస్తదని మీకు నేర్పుతరు. అది సగమే. జాగ్రత్త మనిషికి గూడ నొప్పి లేస్తది, దూప అయితది, ఎవరో పిలుస్తరు. సార్ అందరి జేబులు చూసిండు. సార్‌ను చూసెటోళ్లు లేకుండె. పెద్దాయనను ఎట్ల అడుగుదమని మేము ఎవ్వరం ఆయన పక్కకు తొంగి చూడలె. మీరు అడుగున్రి. తిడితే తిట్టనియ్యున్రి.

ఆ దినం దవాఖానకెల్లి బస్సుల వాపస్ వచ్చినం. కండక్టర్ వచ్చి అక్కకు ఆడోళ్ల ఉచిత టికెట్ కొట్టిచ్చి పోయిండు. ఆమె కిటికీ కాడ కూసున్నది. హస్తినాపురం దాటినంక అన్నది.

"తమ్మీ, నీళ్లు తాగకుంటే ఏమైతుండె? నొప్పి ఉంటుండె, అంతే గద. నొప్పితోని ఎవ్వరు చావరు గద."

  ఆ పిల్ల నెత్తి మీది బరువు దించిన అనుకున్న, దించి ఎవరి నెత్తి మీద పెట్టిన్నో బస్సుల నాకు కనవడుతున్నది.

తుర్కయాంజాల్ వచ్చింది. బస్సు ఆగింది. మంది దిగుతున్నరు. "అక్క, దిగాలె" అన్న. ఆమె లేవలె. "అక్క, మీ స్టాప్."

"ఇంట్ల ఎవరున్నరు తమ్మీ" అన్నది కిటికీల్నే చూసుకుంట. "పోనియ్యి. ఇది యాడి దాక పోతే ఆడి దాక పోదం."

కండక్టర్ బెల్లు కొట్టిండు. ఇబ్రహీంపట్నం దాక వచ్చినం. మా ఇంటామె తలుపు తీసి, ఎవరు ఏందని ఒక్క మాట అడుగలె. అక్క చెప్పులు ఇడిశి లోపటికి వచ్చింది, గోడకు ఒరిగి కూసున్నది. మా ఇంటామె ముందట పళ్లెం పెట్టింది. అక్క తినే దాక మేమిద్దరం పక్కనే కూసున్నం.